ఇరవై ఎనిమిదో కార్డు

శుక్రవారం ఉదయం పదకొండు ఇరవైకి డిటెక్టివ్ హెల్మీ కోస్కి టామరాక్ హిల్ మిడిల్ స్కూల్లో రెండువందల పద్నాలుగో నంబరు గదిలోకి అడుగుపెట్టింది. మధ్యాహ్నం మూడింటిలోగా ఆమె ఒక పిల్లవాణ్ణో పిల్లనో వెతికి పట్టుకోవాలి. పేరు తెలియదు. ఆడో మగో తెలియదు. చేతిలో ఉన్నదల్లా అరచేతి పాటి కార్డు ఒకటి.

దాని మీద పెన్సిల్‌తో, గీతలు గీసినట్టున్న అచ్చక్షరాల్లో ఇలా ఉంది.

"నా ఫోటో ఒకటి ఒకళ్ళ దగ్గరుంది. ఇంకొకటి పంపకపోతే శుక్రవారం మూడింటికి స్కూలందరికీ పంపేస్తామంటున్నారు. అప్పటికి నేనే లేకపోతే ఆపేస్తారా?"

కోస్కి దాన్ని రెండుసార్లు చదివింది. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో బెదిరింపు ఉత్తరాలు సంచుల కొద్దీ చదివిన మనిషి. చివరి వాక్యం మాత్రం మూడోసారి కూడా చదివింది. తరవాత కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మీరెప్పుడు చూశారు?"

"పది యాభైకి," అంది టీచర్ రొవేనా బ్రిగ్స్. నలభై ఏళ్ళ మనిషి. ఆరోగ్య పాఠం చెప్పడం ఆమెకిది పదకొండో ఏడు. "అప్పుడు నాకు క్లాసు లేదు. పది యాభై అయిదుకి మీకు ఫోన్ చేశాను."

"పెట్టెలో ఎప్పుడు పడింది?"

"నిన్న. పెట్టెకి ప్రతి సాయంత్రం నాలుగింటికి తాళం వేసి ఇంటికి పోతాను. పొద్దున్నే తీసి చదువుతాను. ఇవాళ పొద్దున్న టీచర్ల మీటింగు పెట్టారు, అందుకని ఆలస్యమైంది." ఆమె గోడ గడియారం వైపు చూసింది. "మూడు గంటలు పోయాయి. తెలుసు నాకు."

"పెట్టె సంగతి చెప్పండి."

"ఏటా ఏప్రిల్లో ఎనిమిదో తరగతికి మూడు వారాలు ఈ పాఠం ఉంటుంది. ఒళ్ళెలా మారుతుంది, పిల్లలెలా పుడతారు, వద్దనుకున్నప్పుడు వద్దని ఎలా చెప్పాలి, ఫోన్‌లో ఎవరేమడిగితే ఏం చెయ్యాలి, అన్నీ. పదమూడేళ్ళ పిల్లలు నోరు తెరిచి అడుగుతారా చెప్పండి? పక్కవాడు నవ్వుతాడని చచ్చిపోతారు. అందుకే పెట్టె. కార్డులు నేనే ఇస్తాను. పెన్సిళ్ళూ నేనే ఇస్తాను. పేరు రాయకూడదు. అచ్చక్షరాల్లోనే రాయాలి."

"ప్రశ్న లేనివాళ్ళు?"

"వాళ్ళూ రాయాల్సిందే. బోర్డు మీద ఒక వాక్యం రాసి ఉంచుతాను, అది చూసి రాస్తారు. 'ఈ రోజు నాకు ప్రశ్న లేదు, రేపు ఉండొచ్చు.' అందరి పెన్సిళ్ళూ ఒకేసారి కదులుతాయి. ఎవరికి అనుమానమో ఎవరికి లేదో కనిపెట్టలేరు."

బాగానే ఆలోచించింది అనుకుంది కోస్కి. ఆ ఆలోచనే ఇప్పుడు తన కొంప ముంచుతోంది.

"చేతిరాత చూసి ఎవరిదో చెప్పగలరా?"

"చూడనని మాటిచ్చాను."

"ఒకళ్ళ ప్రాణం మీదికొచ్చింది మేడమ్."

"ఆ మాట ఇచ్చాను కాబట్టే ఈ కార్డు పడింది డిటెక్టివ్ గారూ. లేకపోతే మీకూ నాకూ మూడున్నరకి తెలిసేది." రొవేనా కళ్ళు తుడుచుకుంది. "అయినా చూశాను. ఈ అరగంట నుంచీ హోంవర్కు పుస్తకాలన్నీ ముందేసుకుని పోల్చి చూస్తూనే ఉన్నాను. ఒక్క అక్షరమూ కలవలేదు. మాటా తప్పాను, ఫలితమూ దక్కలేదు."

ఆమె మీద కోస్కికి ఒక్కసారిగా గౌరవం పుట్టింది. గౌరవం వల్ల దర్యాప్తు ముందుకు సాగదు కాబట్టి తరవాతి ప్రశ్న అడగబోయింది. ఇంతలో తలుపు తట్టకుండానే గ్రాంట్ నైగార్డ్ లోపలికొచ్చాడు.

రాష్ట్ర సైబర్ విభాగంలో ప్రత్యేక అధికారి అతను. ఆరడుగుల మనిషి. ఇస్త్రీ నలగని చొక్కా, చంకలో రెండు టాబ్లెట్లు. కోస్కికీ అతనికీ తొమ్మిదేళ్ళ పరిచయం, ఎనిమిదేళ్ళ పది నెలల పేచీ. అతని విభాగం వచ్చి ఎత్తుకుపోయిన కేసుల్లో మూడు ఆమె సగం తేల్చినవే.

"ఇంకా కార్డులు పట్టుకునే కూచున్నావా కోస్కీ? జాతకం చెప్తున్నావా ఏంటి?"

"నీ జాతకం చూస్తున్నా. ఇవాళ నోరు జారే రోజని ఉంది."

అతను నవ్వలేదు. "ప్రిన్సిపాల్ ఒప్పుకుంది. నాలుగొందల పదహారు ఫోన్లు. అన్నీ జిమ్నాజియంలో బల్లల మీద పెట్టిస్తున్నా. తల్లిదండ్రులకి కబురు వెళ్ళిపోయింది. మా యంత్రాలు రెండింటికల్లా ఏ ఫోన్‌లో ఏముందో తేల్చేస్తాయి."

"ముందు మైకులో చెప్తావా?"

"చెప్పాలిగా."

"అది విన్న బిడ్డ ఏం చేస్తుందో ఆలోచించావా? రహస్యం బయట పడుతుందనే కదా చావు దాకా వెళ్ళింది. మూడింటికి బయట పడేదాన్ని నువ్వు రెండింటికే బయట పెడతానంటున్నావు."

"నువ్వు మనస్తత్వశాస్త్రం చెప్పకు. ఈ ఏడాది ఇలాంటివి నలభై మూడు చూశాను. నలభై మూడూ సముద్రం అవతలివే. ఎవరో అమ్మాయి బొమ్మ పెట్టుకుని వల పన్నే ముఠాలు. వాళ్ళ జాడ ఫోన్‌లో ఉంటుంది, కార్డుల మీద ఉండదు."

"తెలిసినవాళ్ళు కూడా అయ్యుండొచ్చు కదండీ," అంది రొవేనా. "మొదటి రోజు నేను చెప్పే పాఠమే అది. పరాయివాళ్ళనే కాదు, దగ్గరివాళ్ళనీ కాస్త చూసుకోమని."

"మీరు పాఠం చెప్పుకోండి టీచర్. పట్టుకోవడం మాకొదిలెయ్యండి." నైగార్డ్ ఆమె వైపు కూడా చూడలేదు. "నా కొడుకూ ఇక్కడే చదువుతున్నాడు, ఎనిమిదే. వాడికి ఫోనే లేదు. ఇంట్లో కంప్యూటరు హాల్లో, నా కళ్ళెదురుగా. వాడికొచ్చే ప్రతి మెసేజీ నకలు నాకొస్తుంది. ప్రతి తండ్రీ నాలా ఉంటే మనిద్దరికీ ఉద్యోగాలే ఉండవు."

రొవేనా ఏదో అనబోయి నోరు మూసుకుంది. కోస్కి అది చూసింది. 

"పది నిమిషాలు ఆగు గ్రాంట్. మైకు ముట్టుకోకు."

"నీకు పది నిమిషాలిచ్చి పిల్లాణ్ణి పోగొట్టుకోమంటావా?" అని అతను గిరుక్కున తిరిగి వెళ్ళిపోయాడు. అప్పుడు పదకొండు నలభై నాలుగు.

కోస్కి పెట్టెలో కార్డులన్నీ బల్ల మీద కుమ్మరించింది. నైగార్డ్ ఆమెకంటే ముందే వచ్చి వాటిని ఫోటోలు తీసుకున్నాడు. ఫోటోలో రాత కనిపిస్తుంది, కాగితం కనిపించదు. ఆమె వాటిని పేకముక్కల్లా ఒక దొంతరగా చేర్చి, బల్ల అంచుకు నాలుగువైపులా తట్టి సరిచేసి, ఒక్కొక్కటీ దించుతూ లెక్కపెట్టింది.

"నిన్న క్లాసులో ఎంతమంది?"

"ఇరవై ఏడు. ఎవరూ మానలేదు."

"ఒక్కొక్కళ్ళకి ఎన్ని కార్డులిచ్చారు?"

"ఒక్కటే. లెక్కపెట్టి ఇస్తాను."

"ఇక్కడ ఇరవై ఎనిమిదున్నాయి."

రొవేనా దగ్గరికొచ్చింది. కోస్కి దొంతరను మళ్ళీ తట్టి అంచు మీద బొటనవేలు నడిపింది. ఇరవై ఏడు కార్డులు తెల్లగా ఉన్నాయి. ఒక్కటి మాత్రం పాత గోడలా పసుపెక్కింది. కింద అంచుకు మధ్యలో గుండ్రంగా చిన్న కన్నం కూడా ఉంది. ఆ ఒక్కటే చావు గురించి అడిగిన కార్డు.

వెనక్కి తిప్పింది. వెనకవైపు టైపు మిషను అక్షరాలు. పైన ఒక సంఖ్య, దాని కింద "చేపలు, మంచినీటివి", ఆ కింద ఎప్పటిదో ఒక పుస్తకం పేరు.

"నేను తిప్పి చూడనేలేదు," అంది రొవేనా. "అది చదివాక ఇంకేదీ చూడలేదు. ఇవి లైబ్రరీ పాత కార్డులు. కంప్యూటర్లు రాకముందు పుస్తకాల వివరాలు రాసి, సొరుగులో ఇనప కడ్డీకి గుచ్చి పెట్టేవాళ్ళు. ఇప్పుడు పెల్టియర్ వాటిని చిత్తు కాగితాలుగా వాడుకోమని పిల్లలకిస్తున్నాడు."

"పెట్టె ఎక్కడుంటుంది?"

"గది బయట, తలుపు పక్కన స్టూలు మీద. పోతూ పోతూ వేస్తారు. క్లాసులో వెయ్యడానికి మొహమాటపడ్డవాళ్ళు తరవాతైనా వెయ్యొచ్చని సాయంత్రం దాకా అక్కడే ఉంచుతాను."

"అంటే క్లాసులో లేనివాళ్ళూ వెయ్యొచ్చు. మీ పాఠం జరుగుతున్నంతసేపూ లైబ్రరీలో ఎవరుంటారు?"

రొవేనా నీళ్ళు నమిలింది. "ఈ పాఠం మా పిల్లలకి వద్దని తల్లిదండ్రులు సంతకం పెట్టొచ్చు. ఏటా ముగ్గురో నలుగురో ఉంటారు. వాళ్ళని పెల్టియర్ దగ్గర కూర్చోబెడతాం. పేర్లు చెప్పకూడదు. నియమం."

"చెప్పకండి. ఇప్పుడెక్కడున్నారు?"

"ఈ క్లాసు టైము ఇదే, పదకొండు నలభై నుంచి. ఇవాళ పక్క గదిలో నా బదులు వేరే ఆవిడ కూర్చుంది. వాళ్ళు మాత్రం ఎప్పట్లాగే అక్కడే..."

గోడ మీది స్పీకరు గరగరలాడింది. పదకొండు యాభై రెండు.

"విద్యార్థులందరూ వినండి. నేను స్పెషల్ ఏజెంట్ నైగార్డ్. మీ ఫోన్లన్నీ ఆఫ్ చెయ్యకుండా జిమ్నాజియానికి తీసుకురావాలి. అలాంటి ఫోటోలు అడగడమే కాదు, పంపడం కూడా నేరమే. దాచిపెడితే మీకే నష్టం."

రొవేనా రెండు చేతులతో ముఖం కప్పుకుంది. కోస్కి అప్పటికే వరండాలో ఉంది.

* * *

లైబ్రరీ అదే అంతస్తు చివర. పెట్టె పెట్టిన స్టూలు నుంచి నలభై రెండు అడుగులు, నడిస్తే పన్నెండు సెకన్లు. ఫోన్లు పట్టుకుని జిమ్నాజియానికి పోతున్న పిల్లల రద్దీలో ఇవాళ నాలుగు నిమిషాలు పట్టింది. ఓరిన్ పెల్టియర్ అరవై దాటిన మనిషి, ప్రతి మాటా తూచి మాట్లాడే రకం. పోలీసు బిళ్ళ చూడగానే పక్కకు జరిగి మూల బల్ల చూపించాడు.

నాలుగు కుర్చీలు, ఒక పెద్ద కంప్యూటరు. అట్టపెట్టె మూత నిండా పసుపెక్కిన కార్డులు, మొద్దుబారిన పెన్సిళ్ళు. ఒక కుర్చీలో గుర్రాల పుస్తకం చదువుతున్న అమ్మాయి. ఒక కుర్చీలో లెక్కలు చేస్తున్న కుర్రాడు. మూడో కుర్చీ ఖాళీ. దాని మీద నీలం కోటు వేలాడుతోంది. కుర్చీ ముందు ఒక కాటు కొరికిన ఆపిల్ ఉంది. కొరికినచోట ఇంకా తెల్లగానే ఉంది.

"ఈ కుర్చీ ఖాళీ అయి పది నిమిషాలు కూడా కాలేదు," అంది కోస్కి. "బయటికెళ్ళాలంటే మీ పద్ధతేంటి?"

"బాతు తీసుకెళ్ళాలి." పెల్టియర్ గోడ మీది కొక్కెం చూపించాడు. "చెక్క బాతు. అది చేతిలో లేకుండా వరండాలో కనిపిస్తే టీచర్లు పట్టుకుంటారు. వెళ్ళిన టైమూ వచ్చిన టైమూ ఈ పుస్తకంలో రాయాలి."

కొక్కేనికి బాతు లేదు. కోస్కి పుస్తకం తనవైపు తిప్పుకుంది. గురువారం పేజీలో ఈ బల్ల నుంచి వెళ్ళింది ఒక్కరే. పన్నెండు నాలుగుకి వెళ్ళి పన్నెండు పదకొండుకి వచ్చారు. ఇవాళ పేజీలో వెళ్ళిన టైము పదకొండు యాభై మూడు. వచ్చిన టైము ఖాళీ. రెండు చోట్లా ఒకటే పేరు.

సోరెన్ నైగార్డ్.

కోస్కి ఆ ఇంటిపేరు మీద వేలు పెట్టి మళ్ళీ చదివింది. వాళ్ళ నాన్నంటే తనకు గిట్టదు. అయినా ఆ పేరు అక్కడ చూసి ఆమెకు సంతోషం కలగలేదు.

"మైకులో వాళ్ళ నాన్న గొంతు వినపడగానే లేచాడు," అన్నాడు పెల్టియర్. "స్కూలు వాళ్ళిచ్చిన ల్యాప్‌టాప్ సంచి భుజానేసుకున్నాడు. బాత్‌రూముకి సంచీ ఎందుకురా అన్నాను. వెనక్కి చూడకుండా పోయాడు. నేను... ఆపాల్సింది."

"కోటు వదిలేసి వెళ్ళాడు. బయట చలి ఎంతుంది?"

"మూడు డిగ్రీలు. సరస్సులో ఇంకా మంచు తేలుతోంది."

బాతు రెండు నిమిషాల్లో దొరికింది. వెనకవైపు మెట్ల కింద, బయటి తలుపు గడప మీద బుద్ధిగా నిలబెట్టి ఉంది. పారిపోతూ కూడా పిల్లవాడు స్కూలు వస్తువు స్కూలుకే వదిలి వెళ్ళాడు. కోస్కి దాన్ని చేతిలోకి తీసుకుని ఫోన్ చేసింది.

"గ్రాంట్, లైబ్రరీకి రా. ఒక్కడివే రా."

"బిజీగా ఉన్నా."

"నీ కొడుకు గురించి."

అతను నలభై సెకన్లలో వచ్చాడు. ఆమె అతన్ని బల్ల దగ్గరికి పిలిచింది. పుస్తకంలో రెండు పేజీలు చూపించింది, కన్నం ఉన్న కార్డు చూపించింది, ఖాళీ కుర్చీ చూపించింది. అతను మూడూ చూసి తల అడ్డంగా ఊపాడు.

"కాదు. వాడికి ఫోనే లేదు."

"అందుకే కార్డు రాశాడు."

"వాడికొచ్చే ప్రతి అక్షరం నాకొస్తుంది కోస్కీ!"

"అందుకే ఎవరికీ చెప్పుకోలేకపోయాడు. పాఠం వద్దని సంతకం పెట్టింది నువ్వేనా?"

"నేనే." ఆ మాట అతి కష్టం మీద వచ్చింది. "ఈ చెత్తంతా రోజూ చూసేవాణ్ణి. వాళ్ళకంటే నాకు బాగా తెలుసనుకున్నా. ఇంట్లో నేనే చెప్దామనుకున్నా."

"చెప్పావా?"

నైగార్డ్ నేల చూపులు చూశాడు. చెప్పలేదు. ఇవాళ రేపు అంటూ వాయిదా వేశాడు. నలభై మూడు కేసుల గురించి సభల్లో గంటల తరబడి మాట్లాడే మనిషికి సొంత కొడుకు ముందు కూర్చుని నాలుగు మాటలు చెప్పడానికి సిగ్గేసింది. అంతే సంగతి. కోస్కి అతన్ని మాటలతో ఇంకా పొడవలేదు.

"ఫోన్ లేకుండా ఎలా మాట్లాడాడు వాడు?" అన్నాడు అతను.

పెల్టియర్ గొంతు సవరించుకున్నాడు. "ఫోన్ లేని పిల్లలంతా ఒకటే దారి పడతారండీ. హోంవర్కు ఫైలుంటుందా, అది ఇద్దరు ముగ్గురు కలిసి రాసుకోవచ్చు. మార్జిన్‌లో వ్యాఖ్యలు పెట్టుకోవచ్చు. వీళ్ళు వ్యాఖ్యల్లోనే కబుర్లు చెప్పుకుంటారు. ఏ జల్లెడా పట్టుకోదు. పాఠం కదా."

"నీకు తెలిసి ఊరుకున్నావా?" నైగార్డ్ అరిచాడు.

"సినిమా కబుర్లనుకున్నాను. వాడి ప్రాజెక్టు మన సరస్సు చేపల మీద. వేరే ఊరి స్కూలమ్మాయితో కలిసి చేస్తున్నాడు. మేసీ అని. చేపల క్లబ్బులో పరిచయమట. ఫైలు తెరిచే అనుమతి నాకుంది, కానీ నేను పాఠమే దిద్దాను. పక్కన రాసుకున్నవి చదవడం మర్యాద కాదనుకున్నాను."

"తెరవండి," అంది కోస్కి.

ఫైలు తెరుచుకుంది. మధ్యలో ట్రౌట్ చేపల గుడ్ల గురించి చక్కటి పేరాలు. కుడివైపు మార్జిన్‌లో వందల వ్యాఖ్యలు. మొదటిది ఫిబ్రవరి రెండున. మేసీ ముందు చేపల గురించి అడిగింది, తరవాత నీకెవరూ స్నేహితులు లేరా అని అడిగింది, తరవాత నువ్వంటే నాకిష్టమంది. మార్చి నెలాఖరుకు ఒక ఫోటో అడిగింది. తరవాతి వాటిని కోస్కి వేగంగా కిందికి జరిపేసింది. అవన్నీ ఒకలాంటివే, వాటిని ఇక్కడ రాయనక్కరలేదు. ఆఖరిది ఇవాళ ఉదయం తొమ్మిది పన్నెండుకి. "ఇంకా ఆరు గంటలే."

నైగార్డ్ కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు. 

అప్పుడే తెర మీద, ఫైలు పైభాగాన, ఆకుపచ్చ చుక్క ఒకటి వెలిగింది. పక్కన పేరు: సోరెన్.

"ఫైలు తెరిచాడు," అన్నాడు పెల్టియర్. "ఎక్కడో నెట్ దొరికే చోట ఉన్నాడు. మనం రాస్తే వాడికి కనిపిస్తుంది."

పన్నెండు పద్నాలుగు. కోస్కి కీబోర్డు దగ్గరికి లాక్కుంది.

"సోరెన్, నా పేరు హెల్మీ. పోలీసుని. నీ కార్డు చదివాను. తప్పు నీది కాదు. నిన్నెవరూ అరెస్టు చెయ్యరు."

చుక్క కదలలేదు. ఇరవై సెకన్లు. తరవాత అక్షరాలు ఒక్కొక్కటిగా వచ్చాయి.

"మైకులో నేరమే అన్నారుగా."

నైగార్డ్ నోట్లోంచి ఒక చిన్న శబ్దం వచ్చింది. కోస్కి అతని వైపు చూడలేదు.

"మైకులో చెప్పింది తప్పు. అడిగినవాడిదే నేరం. ఫోటో బయటికెళ్ళినా దాన్ని తీయించే దారులున్నాయి. నువ్వు ఉండాలి. నువ్వు లేకపోతే వాళ్ళు ఆపరు, ఇంకొకళ్ళని పట్టుకుంటారు."

ఈసారి ఇంకా ఎక్కువసేపు పట్టింది.

"మా నాన్నకి తెలుసా?"

"తెలీదని రాయి," అన్నాడు నైగార్డ్ గొంతు తగ్గించి. "దయచేసి. వాడు భయపడిపోతాడు."

"రెండు నెలలుగా వాడికి ఒకళ్ళు అబద్ధాలే చెప్పారు గ్రాంట్. ఇంకోటి నా చేత్తో రాయను." ఆమె రాసింది. "తెలుసు. నా పక్కనే ఉన్నారు."

గడియారంలో సెకన్ల ముల్లు ఒక చుట్టు తిరిగింది. పెల్టియర్ ఆ పిల్లలిద్దర్నీ నెమ్మదిగా బయటికి తీసుకెళ్ళాడు.

"కోపంగా ఉన్నాడా?"

కోస్కి లేచి తన కుర్చీలో నైగార్డ్‌ని కూర్చోబెట్టింది. నిమిషానికి తొంభై మాటలు కొట్టే మనిషి రెండు వేళ్ళతో, కొత్తగా నేర్చుకుంటున్నవాడిలా రాశాడు.

"లేదురా. భయంగా ఉంది. నీతో మాట్లాడాల్సింది, మాట్లాడలేదు. తప్పు నాది. ఎక్కడున్నావు? ఒక్కణ్ణే వస్తా."

కోస్కి అతని మణికట్టు పట్టుకుంది. "చోటు పేరు రాయనివ్వకు. ఇది మేసీ కూడా చదివే ఫైలు."

అతను తల ఊపి ఇంకో లైను చేర్చాడు. "చోటు పేరు రాయకు. నాకు ఒక్కడికే తెలిసేలా చెప్పు."

చాలాసేపటికి జవాబొచ్చింది.

"నా వేలికి గాలం గుచ్చుకుంటే నాకంటే ముందు నువ్వు ఏడ్చిన చోటు."

నైగార్డ్ కుర్చీ వెనక్కి పడేలా లేచాడు. అతని ముఖం మీద ఏడుపూ నవ్వూ కలిసిపోయాయి. "తెలుసు. నాకు తెలుసు. పాత రేవు దగ్గర పడవల షెడ్డు. అయిదు నిమిషాల్లో వెళ్తా." మాట పూర్తయ్యేలోగా తలుపు దాటాడు.

కోస్కి రేడియోలో గస్తీ కారుని అటు పంపమంది. దగ్గర్లో ఉన్న కారుకు పదకొండు నిమిషాలు పడుతుందన్నారు. సరేనంది. పిల్లవాడు ఒంటరిగా ఉన్నాననుకోకూడదని మళ్ళీ కీబోర్డు దగ్గర కూర్చుంది. "నాన్న బయల్దేరారు. నేనిక్కడే ఉన్నాను. చలిగా ఉందా?" అని రాసింది.

"కొంచెం," అని వచ్చింది. ఆమె రోజంతటిలో మొదటిసారి ఊపిరి పీల్చుకుంది.

పన్నెండు ఇరవై ఒకటికి ఆకుపచ్చ చుక్క పక్కన ఎర్ర చుక్క వెలిగింది. మేసీ.

ఎర్ర చుక్క తొందరగా రాసింది.

"మీ నాన్న నిన్ను తిట్టడానికే వస్తున్నాడు. షెడ్డు వెనక తలుపు గడియ తీసే ఉంది. పడవ దగ్గరికి రా."

కోస్కి దాన్ని చదివింది. మళ్ళీ చదివింది. షెడ్డు అన్న మాట ఈ ఫైల్లో ఎవరూ రాయలేదు.

"సోరెన్, వెళ్ళకు. మేసీ అబద్ధం. ముందు తలుపు నుంచి రోడ్డు మీదికి రా," అని రాసింది. ఆకుపచ్చ చుక్క ఆరిపోయింది. ఆ మాట చదివి ఆరిందో, చదవకముందే ఆరిందో చెప్పే మార్గం లేదు.

ఒక చేత్తో ఇంకా రాస్తూనే రెండో చేత్తో నైగార్డ్‌కి ఫోన్ చేసింది. మొదటి మోతకే ఎత్తాడు. వెనక ఇంజిను రొద.

"గ్రాంట్, సముద్రం అవతలివాడు కాదు. వాడికి షెడ్డు తెలుసు. వెనక తలుపు కూడా తెలుసు. ఆ గాలం గుచ్చుకున్న రోజు అక్కడ మీ ఇద్దరు కాక ఇంకెవరున్నారు?"

ఫోన్‌లో ఇంజిను రొద ఒక్కసారిగా పెరిగింది.  

"కర్ట్," అన్నాడు నైగార్డ్.  "మా తమ్ముడు. గాలం వాడే తీశాడు. ఆ షెడ్డు వాడిదే."